చీరపేను బట్టలో ఉంటే మందు ఒంటికి కొట్టారు

సంపాదకులకు నమస్కారం.

వలస కూలీల చరిత్ర మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసానికి ఒక ఫోటో జత చేశారు. చొక్కా లేని మనిషి నిలబడి ఉంటాడు. మాస్కు పెట్టుకున్న ఉద్యోగి అతని ముఖం మీదికి మందు కొడుతుంటాడు. వెనక మరికొందరు తమ వంతు కోసం వరసలో ఉంటారు. దాని కింద ‘1917లో ఎల్ పాసో సరిహద్దు వద్ద టైఫాయిడ్ నివారణకు మెక్సికన్లపై డీడీటీ చల్లుతున్న దృశ్యం’ అని వేశారు. ఆ ఒక్క వరసలో మూడు తప్పులున్నాయి. అక్కడి భయం టైఫాయిడ్ గురించి కాదు, టైఫస్ గురించి. 1917 నాటికి డీడీటీ పురుగుల్ని చంపుతుందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఇక ఆ ఫోటో ఎల్ పాసోది కాదు. టెక్సస్ దక్షిణపు కొసన ఉన్న హిడాల్గోలో 1956లో లెనార్డ్ నాడెల్ తీసినది. ఇప్పుడు స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది.

చిన్న సవరణ వేస్తే తీరిపోయే విషయమే. కానీ ఈ మూడు తప్పులూ కలిసి అసలు సంగతిని కప్పేస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగా రాయాల్సి వస్తోంది. 1917 నాటి మందులు వేరు, 1956 నాటి మందు వేరు. పద్ధతులూ వేరే. రెండు చోట్లా కలిసే విషయం ఒకటుంది. బట్టకు చేస్తే సరిపోయేదాన్ని మనిషి ఒంటికి చేశారు. అదెందుకు తప్పో తెలియాలంటే ముందు పేను సంగతి తేల్చుకోవాలి.

టైఫాయిడ్ నీళ్ళ వల్ల, తిండి వల్ల వస్తుంది. టైఫస్‌ను తెచ్చేది పేను. పేర్లు దగ్గరగా ఉన్నాయని మన పత్రికలు రెంటినీ తరచూ కలిపేస్తుంటాయి. ఈమధ్య మన జిల్లాల నుంచి వార్తల్లోకి వస్తున్న స్క్రబ్ టైఫస్ ఈ రెండూ కాదు. పొదల్లో, గడ్డిలో ఉండే సన్నని మైట్ పిల్ల కుట్టడం వల్ల వచ్చే వేరే జబ్బది. మనం మాట్లాడుకుంటున్న టైఫస్‌కు కారణం రికెట్సియా ప్రొవజెకీ అనే సూక్ష్మజీవి. దాన్ని వెతుకుతూ ప్రాణాలు పోగొట్టుకున్న ఇద్దరి పేర్లు దానికి పెట్టారు. హోవర్డ్ రికెట్స్ 1910లో మెక్సికో నగరంలో, స్టానిస్లాస్ ప్రొవజెక్ 1915లో అదే జబ్బుతో పోయారు.

పేలలో కూడా రకాలున్నాయి. ఆ తేడాను మన భాష ఎప్పుడో పట్టుకుంది. తలలో తిరిగేది పేను, కట్టుబట్టలో ఉండేది చీరపేను. టైఫస్ మహమ్మారులన్నిటికీ కారణం ఈ రెండోదే. ఇది ఒంటిమీద కాపురం ఉండదు. చొక్కా కుట్టులో, నడుం పట్టీ మడతలో, చంక దగ్గరి అతుకులో ఉండి, ఆకలేసినప్పుడు మాత్రం చర్మం మీదికొచ్చి రక్తం తాగి మళ్ళీ కుట్టులోకి పోతుంది. ఆడది రోజుకు 5 నుంచి 10 దాకా గుడ్లు పెడుతుంది, అవీ బట్ట పోగులకే అంటిస్తుంది. ఒంటివేడి తగులుతూ ఉంటే వారం, పది రోజుల్లో పొదుగుతాయి. బట్ట విడిచి ఎక్కడో పడేస్తే లోపలి పేను వారం తిరక్కుండా ఆకలితో చస్తుంది. జబ్బు అంటేది కూడా కాటు వల్ల కాదు. పేను వదిలే రెట్టలో సూక్ష్మజీవి ఉంటుంది. దురద పుట్టి గోకితే ఆ గీతల్లోంచి లోపలికి పోతుంది. ఎండిన రెట్ట పొడిలో అది నెలల తరబడి బతికి ఉండగలదు. అందుకే రోగుల మాసిన బట్టలు దులిపేవాళ్ళకు, ఉతికేవాళ్ళకు ముందు జబ్బు వచ్చేది.

ఈ గుట్టు విప్పింది ఉత్తర ఆఫ్రికాలోని ట్యునిస్‌లో పనిచేసిన ఫ్రెంచి వైద్యుడు షార్ల్ నికోల్. ఆస్పత్రి గుమ్మం బయట రోగి దగ్గర ఉన్నవాళ్ళకల్లా టైఫస్ అంటుకుంటోంది. విడిచిన బట్టలు అందుకునే పనివాళ్ళకూ అంటుకుంటోంది. స్నానం చేయించి ఆస్పత్రి బట్టలు కట్టబెట్టి వార్డులోకి తీసుకెళ్ళాక మాత్రం పక్క మంచంవాడికి కూడా రావడం లేదు. అంటే జబ్బు గుమ్మం దగ్గర విడిచిన బట్టలతో పాటే ఆగిపోతోందన్న మాట. 1909లో కోతుల మీద ప్రయోగాలతో అతను దీన్ని రుజువు చేశాడు. 1928లో నోబెల్ ఇచ్చారు. ఈ సంవత్సరాలు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఎల్ పాసోలో స్నానాలు మొదలయ్యేసరికి ఈ సంగతి బయటపడి ఏడేళ్ళయింది.

బట్టల్లోని పేనును చంపడానికి కావాల్సింది వేడి. 60 డిగ్రీల వేడినీళ్ళలో పావుగంట నానితే పేనూ చస్తుంది, గుడ్డూ చస్తుంది. ఆవిరి ఇంకా మేలు, రెట్టలోని సూక్ష్మజీవిని కూడా వదలదు. మన చాకిబాన చేసే పని ఇదే. చౌడునీళ్ళలో ముంచిన బట్టల్ని బాన మీద పేర్చి కింద మంట పెడితే పైదాకా ఆవిరి పట్టి ఉడుకుతాయి. 1915లో సెర్బియాలో టైఫస్ లక్షన్నర మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు అక్కడికి వెళ్ళిన బ్రిటిష్ వైద్య బృందం దాదాపు ఇలాంటి పరికరాన్నే తయారుచేసింది. దాన్ని సెర్బియన్ పీపా అంటారు. చెక్కపీపా అడుగున బెజ్జాలు చేసి, మరిగే నీళ్ళ కాగు మీద కూర్చోబెట్టాలి. కాగుకూ పీపాకూ మధ్య సందులోంచి ఆవిరి పోకుండా ఇసుక నింపిన గుడ్డతో చుట్ట పెట్టాలి. బట్టల్ని లోపల కొక్కాలకు వదులుగా వేలాడదీసి, పైన మూత పెట్టి బరువు ఉంచాలి. మూత అంచుల్లోంచి ఆవిరి జోరుగా రావడం మొదలయ్యాక లెక్కపెట్టి గంటసేపు ఉంచాలి. ఇడ్లీ పాత్ర తెలిసిన ఎవరికైనా ఇది వివరించనక్కర్లేదు. చెడేది ఒకచోటే: త్వరగా అయిపోవాలని మూటలు కూరితే నడిమధ్య గాలి ఇరుక్కుపోతుంది, అక్కడికి వేడి చేరదు, పేలు బతికే ఉంటాయి. ఇడ్లీ పిండి ఎక్కువ పోస్తే నడుమ పచ్చిగా ఉండిపోయినట్టే. తోలు, ఉన్ని మాత్రం ఆవిరికి తట్టుకోవు. చెప్పులు, బెల్టులు ముడుచుకుపోతాయి, ఉన్ని కుంచించుకుపోతుంది.

ఇప్పుడు ఎల్ పాసోకు వద్దాం. రియో గ్రాండే నదికి అటు మెక్సికోలో సియుదాద్ హ్వారెజ్, ఇటు అమెరికాలో ఎల్ పాసో. మధ్యలో శాంటాఫే వీధి వంతెన. మెక్సికోలో విప్లవం నడుస్తోంది, టైఫస్ కూడా ఉంది. హ్వారెజ్ నుంచి రోజూ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, కూలీలు ట్రాము ఎక్కి వంతెన దాటి వచ్చి సాయంత్రానికి వెనక్కి పోతుంటారు. ఎల్ పాసో మేయర్ టామ్ లీకి టైఫస్ అంటే విపరీతమైన భయం. పేను పట్టు మీద నిలవదని నమ్మి పట్టు లోదుస్తులు వేసుకునేవాడని అక్కడి చరిత్రకారులు రాశారు. మెక్సికో నుంచి వచ్చేవాళ్ళందరినీ శిబిరాల్లో పెట్టి రెండు వారాల దాకా ఆపాలని అతను వాషింగ్టన్‌కు తంతి మీద తంతి కొట్టాడు. అక్కడున్న ప్రజారోగ్య శాఖ అధికారి బి.జె. లాయిడ్ ఆ శిబిరాలు అనవసరమని పైకి రాశాడు. అమెరికాలోని పౌరులకు టైఫస్ పెద్ద ముప్పు కాదని కూడా అన్నాడు. ఆ అధికారే శిబిరాలకు బదులు పేల నిర్మూలన కేంద్రం పెడదామని సూచించాడు. ముప్పు లేదన్నవాడే యంత్రం పెట్టించడం వింతగా ఉంటుంది, కానీ కాగితాల్లో ఉన్నది అదే.

వంతెన కంటే ముందు జైలు. 1916 మార్చి 6న ఎల్ పాసో నగర జైల్లో ఖైదీలకు పేలు పోయేందుకు పెట్రోలు కలిపిన తొట్టి స్నానం చేయిస్తున్నారు. ఎవరో అగ్గిపుల్ల గీశారు. 27 మంది దాకా చనిపోయారని లెక్క. ఇక్కడ కొంచెం ఆగాలి. పేలకు కిరసనాయిలు రాయడం మన ఊళ్ళలోనూ ఉన్నదే. అదీ మంచిది కాదు, సీతాఫలం గింజల పొడి కళ్ళలో పడ్డంత ప్రమాదమే. కానీ కిరసనాయిలుకూ పెట్రోలుకూ తేడా చాలా ఉంది. కిరసనాయిలు 38 డిగ్రీలు దాటి వేడెక్కితే గానీ నిప్పు అంటుకునేంత ఆవిరి వదలదు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద కూడా వదులుతూనే ఉంటుంది. పైగా ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి కిటికీలోంచి పోదు, నేలబారుగా పాకి గదంతా పరుచుకుంటుంది. తాళాలు వేసిన గదుల్లో తడి ఒళ్ళతో మనుషులు. అక్కడ అగ్గిపుల్ల గీసినవాడి తప్పు కంటే ఆ తొట్టి కలిపినవాళ్ళ తప్పే పెద్దది.

వంతెన కేంద్రాన్ని ప్రజారోగ్య శాఖ సర్జన్ సి.సి. పియర్స్ రూపొందించాడు. 1917 జనవరిలో పని మొదలైంది. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. లోపలికి రాగానే బట్టలన్నీ విప్పాలి. మూట ఆవిరి గదిలోకి పోతుంది. ఆ గది మంచి పరికరమే. ముందు లోపలి గాలి తోడేస్తారు, అప్పుడు మూట మధ్యలో గాలి ఇరుక్కోదు. తరవాత ఆవిరి పంపిస్తారు. చివర మళ్ళీ తోడేస్తే తడి లాగేసి బట్టలు దాదాపు ఆరిపోయి వస్తాయి. సెర్బియన్ పీపాకు ఉన్న లోపం దీనికి లేదు. ఆవిరికి తట్టుకోని చెప్పులు, టోపీలు, బెల్టులు మరో గదిలో హైడ్రోజన్ సయనైడ్ వాయువుకు పోతాయి.

పని ఇక్కడితో ఆగి, మనిషికి వేడినీళ్ళు, సబ్బు ఇచ్చి పంపిస్తే ఎవరికీ పెద్దగా అభ్యంతరం ఉండేది కాదు. కానీ బట్టలు విప్పినవాళ్ళను వరసగా నిలబెట్టి తలలు వెతికేవారు. పేలు కనపడితే మగవాళ్ళకు జుట్టు మొదలంటా కత్తిరించి, కాగితంలో చుట్టి కాల్చేసేవారు. ఆడవాళ్ళకు కిరసనాయిలు, వెనిగర్ సమపాళ్ళలో కలిపి తలకు పట్టించి, తువ్వాలు చుట్టి అరగంట ఉంచేవారు. వెనిగర్ దేనికంటే వెంట్రుకకు గుడ్డును అంటించే జిగురును వదులు చేస్తుందని. అది అంతంత మాత్రమే. కిరసనాయిలును ఊరికే రాస్తే కాసేపటికి ఎగిరిపోతుంది. తువ్వాలు చుడితే పోయే దారి లేక చర్మాన్ని కాలుస్తుంది. పుండ్లు పడేవి. చెవుల వెనక, మెడ మీద ఎక్కువ. ఇంతా చేసి ఆ పేలు తలపేలు. టైఫస్ మహమ్మారిని నడిపించేవి కావు. ‘పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగింది’ అని మనవాళ్ళు వేళాకోళానికి అన్నది అక్కడ అక్షరాలా జరిగింది.

తరవాత ఒంటికి ద్రవం సబ్బు. దాని పాళ్ళు ప్రజారోగ్య శాఖ రాసి పెట్టింది. ఒక వంతు సబ్బు ముక్కలు నాలుగు వంతుల నీళ్ళలో మరిగించి, రెండు వంతుల కిరసనాయిలు కలపాలి. చల్లారితే ముద్దలా గడ్డకడుతుంది. ఆ ముద్ద ఒక వంతుకు నాలుగు వంతుల గోరువెచ్చని నీళ్ళు పోసి వాడాలి. లెక్క వేస్తే చివరికి ఒంటికి తగిలే ద్రవంలో కిరసనాయిలు నూటికి ఆరు పాళ్ళ లోపే. సరిగ్గా కలిస్తే చర్మానికి అంత హాని చేయదు. సరిగ్గా కలవడం అన్నదే ఇక్కడ చిక్కు. సబ్బు తక్కువైనా, ముద్ద పూర్తిగా కరగకపోయినా, నీళ్ళు చల్లబడినా నూనె విడిపోయి పైకి తేలుతుంది. అప్పుడు ఒకడి మీద ఉత్త సబ్బునీళ్ళు పడితే వెనక వచ్చినవాడి మీద ఉత్త కిరసనాయిలు పడుతుంది. రోజుకు వందలమంది వచ్చే చోట తొట్టి అడుగు కలియబెట్టే తీరిక ఎవరికి?

అన్నీ అయ్యాక మశూచి టీకా. చేతికో చీటీ. ఫలానా మనిషికి పేలు తీసి, స్నానం చేయించి, టీకా వేసి, బట్టలు, సామాను శుద్ధి చేశాం అని. అది వారం రోజులే చెల్లుతుంది. రోజూ వంతెన దాటి వచ్చే పనిమనిషి ప్రతివారం ఇదంతా మళ్ళీ మొదటి నుంచి పడాలి. రైల్లో మొదటి తరగతిలో వచ్చినవాళ్ళకు మాత్రం మినహాయింపు. చీరపేనుకు టికెట్టు తరగతి తెలియదు, మినహాయింపు రాసినవాడికి తెలుసు. 1917 ఒక్క సంవత్సరంలో ఆ వంతెన దగ్గర ఇలా స్నానం చేయించిన లెక్క 1,27,173.

మీ వ్యాసం కార్మెలిటా టోరెస్ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టింది, ఇంకొంచెం రాయాల్సింది. 1917 జనవరి 28, ఆదివారం. హ్వారెజ్‌లో ఉంటూ ఎల్ పాసోలో పనిచేసే 17 ఏళ్ళ అమ్మాయి. పొద్దున్నే ట్రాములో వంతెన దగ్గరికి వచ్చింది. దిగి స్నానానికి వెళ్ళమంటే వెళ్ళనంది. ట్రాములో ఉన్న మరో ముప్పైమంది ఆడవాళ్ళను కూడగట్టింది, మా ట్రాము చార్జీ మాకు తిరిగివ్వండి అని అడిగారు. గంట తిరిగేసరికి రెండు వందల మంది, మధ్యాహ్నానికి వేలు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే. వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి, ట్రాములు ఆపేశారు, రాళ్ళు పడ్డాయి. బట్టలు విప్పిన ఆడవాళ్ళను దొంగచాటుగా ఫోటోలు తీసి సారా దుకాణంలో అంటిస్తున్నారన్న మాట ఊళ్ళో తిరుగుతోంది. పది నెలల కిందటి జైలు మంట కూడా ఎవరూ మరిచిపోలేదు. అమెరికా పత్రికలు ఇదంతా స్నానమంటే గిట్టని జనం గొడవ అన్నట్టు రాసి ‘స్నానాల అల్లర్లు’ అని పేరు పెట్టాయి. ఆ ఆడవాళ్ళకు స్నానం కొత్త కాదు. పరాయి ఉద్యోగి ముందు బట్టలు విప్పడం, నిప్పు అంటుకునే నూనె తలకు రాయించుకోవడం వాళ్ళు ఒప్పుకోని పని. అల్లర్లు రెండు మూడు రోజుల్లో చల్లారాయి. స్నానాలు మాత్రం ఏళ్ళ తరబడి సాగాయి.

ఇక్కడ న్యాయం తప్పకూడదు. పేల నిర్మూలన పనికిరాని పని కాదు. టైఫస్ సోకిన ఒకటి రెండు వారాలకు గానీ జ్వరం రాదు కాబట్టి వంతెన దగ్గర ఎంత తనిఖీ చేసినా లోపల జబ్బు ఉన్నవాడు పట్టుబడడు. కానీ అతని బట్టల్లో పేలు లేకపోతే అటు వెళ్ళాక జ్వరం వచ్చినా ఇంకొకరికి అంటదు. పియర్స్ తెలివితక్కువవాడు కాదు, అతని ఆవిరి గదిలో తప్పు లేదు. ఆ గదికి జతచేసినవన్నీ, అంటే గొరగడం, కిరసనాయిలు, నగ్నంగా వరస నిలబెట్టడం, వారం వారం చీటీ, ఆ పనికి అక్కర్లేనివి.

సయనైడ్ గది గురించి మీ వ్యాసంలో రాసినదానికీ సవరణ కావాలి. ‘మెక్సికన్లను విషవాయువు గదుల్లో పెట్టారు’ అని రాశారు. మనుషుల్ని పెట్టలేదు, వాళ్ళ సామాను పెట్టారు. ఈ వాయువు పురుగును చంపుతుంది గానీ రెట్టలోని సూక్ష్మజీవిని నమ్మకంగా చంపదు. తడి బట్టల్లో ఇంకిపోయి తరవాత మెల్లగా బయటికి వస్తుంది. కాబట్టి గాలికి బాగా ఆరబెట్టకుండా తొడుక్కుంటే ప్రమాదం. 1929లో అక్కడి అధికారులు సైక్లోన్-బీ (ఇదే సయనైడ్ వాయువును వదిలే జర్మన్ పురుగుమందు, తరవాత నాజీలు మరణశిబిరాల్లో మనుషుల మీద వాడినది) తెప్పించి వాడారని, 1938లో జర్మన్ కీటక నియంత్రణ పత్రికలో గెర్హార్డ్ పీటర్స్ ఎల్ పాసో గదుల ఫోటోలతో వాటిని మెచ్చుకుంటూ రాశాడని చరిత్రకారులు బయటపెట్టారు. అది నిజమే. అంతమాత్రాన నాజీలు ఈ విద్య ఎల్ పాసోలో నేర్చుకున్నారనడం కుదరదు. సయనైడ్‌తో పురుగుల్ని చంపడం 1880లలోనే కాలిఫోర్నియా నారింజ తోటల్లో మొదలైంది. చెట్టు మీద గుడారం కప్పి లోపల వాయువు వదిలేవారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికే జర్మన్లు దాన్ని మిల్లుల్లో, సైనికుల నివాసాల్లో వాడుతున్నారు. సైక్లోన్-బీ 1920లలో వాళ్ళు తయారుచేసుకున్నదే. అంతకుముందే, 1892లో హాంబర్గ్ కలరా తరవాత, రష్యా నుంచి అమెరికా పోయే యూదుల్ని ప్రష్యా సరిహద్దులో ఆపి స్నానాలు చేయించి బట్టలు ఆవిరికి పెట్టే కేంద్రాలు ఉండేవి. విద్య అటూ ఇటూ ప్రయాణించింది.

ఇక డీడీటీ. 1874లోనే ఒక రసాయన విద్యార్థి తయారుచేసినా, అది పురుగుల్ని చంపుతుందని స్విట్జర్లాండ్‌లో పాల్ ముల్లర్ కనిపెట్టింది 1939లో. 1943-44 చలికాలంలో ఇటలీలోని నేపుల్స్‌లో టైఫస్ చెలరేగినప్పుడు దీన్ని మొదటిసారి పెద్దయెత్తున మనుషుల మీద వాడారు. పది లక్షల మందికి పైగా పొడి కొట్టారు. చలికాలం మధ్యలో టైఫస్ అంత తొందరగా అణగడం అంతకుముందు ఎవరూ చూడలేదు. పొడిలో డీడీటీ పదో వంతు, మిగతాది రాతిపొడి. మనిషికి 30 గ్రాముల చొప్పున.

అసలు విషయం కొట్టే తీరులో ఉంది. మనిషి బట్టలు విప్పడు. నడుం దగ్గర కాస్త వదులు చేసుకుని నిలబడతాడు. చేతిపంపు మూతిని ఒక్కో చొక్కా చేతిలోంచి చంకదాకా దూర్చి ఒకసారి, మెడ ముందు, మెడ వెనక, నడుం ముందు, వెనక, పక్కల ఒక్కోసారి, చివర టోపీలో కొంచెం. పొడి బట్టకూ చర్మానికీ మధ్య పడి కుట్టుల్లో నిలుస్తుంది. డీడీటీ గుడ్డును చంపదు, కానీ వారాల పాటు బట్టలో ఉండిపోతుంది కాబట్టి పొదిగిన పిల్ల పొడిలో నడిచి చస్తుంది. అందుకే బట్ట ఉతక్కూడదు, ఆ పొడితోనే తిరగాలి. పొడి రూపంలో డీడీటీ చర్మంలోంచి అంతగా ఇంకదు. నూనెలో కరిగిస్తే ఇంకుతుంది. నేపుల్స్‌లో తక్షణ విషప్రభావాలు పెద్దగా కనపడకపోవడానికి కారణం అదే. మన ఊళ్ళలో 1953 నుంచి మలేరియా కార్యక్రమం కింద గోడలకు కొట్టిన డీడీటీ కూడా ఇదే తర్కం. చదరపు మీటరుకు ఒక గ్రాము, గోడ మీద వాలిన దోమ చస్తుంది. అక్కడ గోడకు, ఇక్కడ బట్టకు. మనిషికి కాదు.

ఇప్పుడు మీరు వేసిన ఫోటో మళ్ళీ చూడండి. 1942 నుంచి 1964 దాకా అమెరికా, మెక్సికో ప్రభుత్వాల మధ్య బ్రసేరో పథకం నడిచింది. అమెరికా పొలాల్లో పనికి కూలీలను ఒప్పందం మీద తెచ్చుకునే పథకం. 46 లక్షల ఒప్పందాలు రాశారు, ఒక్కో మనిషి పలుమార్లు వచ్చాడు కాబట్టి మనుషులు అంతకు తక్కువే. హిడాల్గో, ఎల్ పాసో పక్కన రియో విస్టా, కాలిఫోర్నియాలో ఎల్ సెంట్రో లాంటి చోట్ల కేంద్రాలుండేవి. అరచేతులు తడిమి కాయలు కాశాయా లేదా చూసేవారు, ఛాతీ ఎక్స్‌రే తీసేవారు, బట్టలు విప్పించి డీడీటీ కొట్టేవారు. ఫోటోలో మనిషికి చొక్కా లేదు, మందు ముఖానికి తగులుతోంది. పొడి నిలవాల్సిన కుట్టు ఒంటిమీద లేనప్పుడు అది ఏ పేనును చంపుతుంది? కళ్ళలో, ఊపిరితిత్తుల్లో పడటం తప్ప దానివల్ల జరిగేదేమీ లేదు. కొట్టేవాడికి మాస్కు ఉంది. మందు మంచిది కాదని అతనికి తెలుసన్న మాట.

మరొకటి. 1956 నాటికి ఆ మందు మీద నమ్మకం కూడా సడలింది. 1950-51 చలికాలంలో కొరియా యుద్ధంలో సైనికులకు డీడీటీ కొట్టినా పేలు చావలేదు. కొట్టగా కొట్టగా తట్టుకునే పేలు మిగిలాయి, వాటి సంతానం పెరిగింది. అమెరికా సైన్యమే అక్కడ లిండేన్ అనే మరో పురుగుమందుకు మారింది. అయిదేళ్ళ తరవాత కూడా హిడాల్గోలో వరస కట్టించి డీడీటీ కొడుతూనే ఉన్నారు. ఒకసారి పద్ధతిగా రాసి పెట్టిన పని కారణం పోయినా ఆగదు. కాగితం మీద గడి ఉంటుంది, నింపాలి.

మనకేమిటి సంబంధం అని మీ పాఠకులు అనుకోవచ్చు. ఎల్ పాసో అల్లర్లు జరిగిన వారానికి, 1917 ఫిబ్రవరి 5న, అమెరికా తెచ్చిన వలస చట్టం మెక్సికో కూలీల మీద 8 డాలర్ల తలపన్ను, చదువు పరీక్ష పెట్టింది. అదే చట్టం ఆసియాలో గీత గీసి ఇండియా వాళ్ళను దాదాపు మొత్తంగా రానివ్వకుండా చేసింది. అంతకుముందు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఏంజెల్ ఐలాండ్‌లో ఇండియన్లను వెనక్కి పంపడానికి కొంకిపురుగు సాకయింది. సింహళం (ఇప్పటి శ్రీలంక) తోటలకు పోయే కూలీలను, వాళ్ళలో తమిళులే ఎక్కువైనా తెలుగువాళ్ళూ ఉన్నారు, రామేశ్వరం దగ్గరి మండపం అనే ఊళ్ళో శిబిరంలో కొద్దిరోజులు ఆపి, టీకాలు వేసి, బట్టలు శుద్ధి చేసి ఓడ ఎక్కించేవారు. 2020 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో ఢిల్లీ వైపు నుంచి తిరిగొచ్చిన కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి పిల్లలతో సహా సోడియం హైపోక్లోరైట్ కొట్టారు. బస్సులకు కొట్టమని చెబితే మనుషులకు కొట్టారని అధికారులు తరవాత అన్నారు. వైరస్ ఉండేది ముక్కులో, గొంతులో. బ్లీచింగు నీళ్ళు చొక్కా మీద పడితే దానికేం? మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ రోజుల్లో రైతుబజార్ల ముందు, కార్యాలయాల ముందు మందు చల్లే సొరంగాలు పెట్టారు. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ మనుషుల మీద చల్లొద్దని సలహా ఇచ్చింది. నవంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్ని ఆపే ఉత్తర్వులు ఇవ్వమని కేంద్రాన్ని ఆదేశించింది.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే ఆదివారం సవరణ వేసేటప్పుడు ఫోటో కింద ‘హిడాల్గో, టెక్సస్, 1956, బ్రసేరో కూలీలకు పేలమందుగా డీడీటీ’ అని వేయండి. ‘టైఫాయిడ్’ను ‘టైఫస్’ చేయండి. ‘విషవాయువు గదుల్లో పెట్టారు’ అన్న వాక్యంలో ‘వాళ్ళ చెప్పులు, బెల్టులు, టోపీలు’ అని చేర్చండి. అంతర్జాలంలో మీ వ్యాసం అలాగే ఉంది, విద్యార్థులు దాన్నే ఎత్తి రాస్తున్నారు కాబట్టి అక్కడ ముందు మార్చండి.

ఇట్లు,
ప్రజారోగ్య కీటకశాస్త్రం చదువుకున్న ఒక పాఠకుడు,
కాకినాడ